డ్రైవర్ లేని కారొస్తోంది - రోడ్డు ఎవడబ్బ సొమ్ము?

డ్రైవర్ లేకుండా తనంతట తాను నడిచే కారు కోసం నగరాలు ఎలా తయారవ్వాలి అని దేశదేశాల్లో పెద్దవాళ్లు సభలు పెడుతున్నారు. కంపెనీల వాళ్లొస్తారు. ఇంజినీర్లొస్తారు. అధికారులొస్తారు. రోడ్డు మీద గీతలు ఎంత స్పష్టంగా వుండాలి, సిగ్నల్ స్తంభానికి ఏ యంత్రం బిగించాలి, కారు ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఛార్జింగ్ పెట్టుకోవాలి - అన్నీ మాట్లాడతారు. ఆ సభకి రోడ్డు మీద నడిచిపోయేవాణ్ణి పిలవరు. తోపుడుబండి మీద అరటిపళ్లు అమ్ముకునే ఆవిడని పిలవరు. తెల్లారకముందే చీపురు పట్టుకుని ఆ రోడ్డు వూడ్చే మునిసిపల్ కార్మికురాలిని పిలవరు. స్టీరింగు పట్టుకుని పిల్లల్ని చదివించుకుంటున్న డ్రైవర్ని అసలే పిలవరు. రోడ్డు మీద బతికేవాళ్లు లేకుండానే రోడ్డు గురించి తీర్మానాలు!

ఇది అమెరికా గొడవ, మన పల్లెకేం సంబంధం అని అడిగే సోదరులున్నారు. సంబంధం వుంది. మూడు సంగతులు చెబుతాను, వినండి.

ఒకటి. సంగారెడ్డి జిల్లా కందిలో వున్న హైదరాబాద్ ఐఐటీలో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించడానికి టిహాన్ అనే కేంద్రం పెట్టారు. కేంద్ర ప్రభుత్వం దానికి 130 కోట్ల రూపాయలు కేటాయించింది. 2022 జూలైలో కేంద్రమంత్రి వచ్చి అక్కడి పరీక్షా మైదానాన్ని ప్రారంభించాడు. అంటే ఈ కారు ఎక్కడో సముద్రాల అవతల లేదు. హైదరాబాద్ పొలిమేరలోనే నడక నేర్చుకుంటోంది.

రెండు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 2బి అని ఒక కొత్త సెక్షన్ చేర్చారు. పరిశోధన కోసం, కొత్తదనం కోసం అని చెప్పి కొన్ని రకాల వాహనాలకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి కట్టబెట్టారు. తలుపు చేసి పెట్టారు. తియ్యడమే తరువాయి.

మూడు. 2023 డిసెంబరులో నాగపూర్‌లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, డ్రైవర్ లేని కార్లని ఈ దేశంలోకి రానివ్వను, డ్రైవర్ల వుద్యోగాలు పోతాయి అన్నాడు. మంచి మాటే. కానీ మంత్రి మాట చట్టం కాదు. మంత్రి మారితే మాట మారుతుంది. మంత్రి మారకపోయినా మాట మారుతుంది. పట్టాలిస్తామన్న మాట మీద మన తాతలు ఎన్నేళ్లు కూచున్నారో మనకి చెప్పాలా?

కాబట్టి ఈ కారు వచ్చాక ఏడవడం కన్నా, రాకముందే నోరు తెరవడం మంచిది.

గీత దగ్గర వుంటేనే మనిషి!

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో టెంపీ అని ఒక నగరం వుంది. 2018 మార్చి 18 రాత్రి అక్కడ 49 ఏళ్ల ఒక స్త్రీ సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. ఇల్లు వాకిలి లేని మనిషి. సైకిలుకి సంచులు తగిలించుకుని వుంది. ఊబర్ కంపెనీ పరీక్ష కోసం తిప్పుతున్న, తనంతట తాను నడిచే కారు వచ్చి ఆమెని గుద్దింది. ఆమె చనిపోయింది. ఇలాంటి కారు నడిచిపోయే మనిషిని చంపడం ప్రపంచంలో అదే మొదలు.

ఎందుకు గుద్దింది? యంత్రానికి కనపడలేదా? కనపడింది. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా బోర్డు విచారణ చేసి 2019లో రిపోర్టు ఇచ్చింది. గుద్దడానికి 5.6 సెకండ్ల ముందే యంత్రం ఆమెని పసిగట్టింది. కారు ఆపడానికి ఆ టైము చాలు. కానీ ఎదురుగా వున్నది ఏమిటో యంత్రం తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనం అంది. ఒకసారి ఇంకేదో అంది. ఒకసారి సైకిలు అంది. మనిషి అని మాత్రం అనుకోలేదు. కారణం ఏమిటంటే, రోడ్డు దాటడానికి గీతలు గీసిన చోట కాకుండా వేరే చోట కూడా మనుషులు రోడ్డు దాటతారని ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు దానికి నేర్పలేదు.

గీత దగ్గర వుంటే మనిషి. గీత అవతల వుంటే మనిషి కాదు. ఈ ముక్క మనకి కొత్తగా వినపడుతోందా? మనిషిని చూసి కూడా మనిషి అని గుర్తించకపోవడం ఈ దేశంలో ఎన్ని వందల ఏళ్ల విద్య! వాళ్లు ఇప్పుడు దాన్ని కంప్యూటర్‌లో పెట్టారు, అంతే.

మరి శిక్ష ఎవరికి పడింది? కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టడానికి ఆధారం లేదని 2019 మార్చిలో అక్కడి ప్రాసిక్యూటర్ తేల్చేసింది. కారులో కాపలాగా కూచోబెట్టిన వుద్యోగి మీద మాత్రం 2020లో కేసు పెట్టారు. ఫోన్‌లో టీవీ షో చూస్తూ కూచున్నారని నేరం. 2023లో ఆ వుద్యోగి నేరం ఒప్పుకున్నారు, మూడేళ్ల ప్రొబేషన్ శిక్ష పడింది. ఆ వుద్యోగి తప్పు లేదని నేననడం లేదు. కానీ కారు తయారుచేసినవాడు పెట్టిన ఆటోమేటిక్ బ్రేకుని పనిచెయ్యకుండా చేసింది ఎవరు? కంపెనీ. అంతకుముందు కారుకి ఇద్దరు చొప్పున వుండే మనుషుల్లో ఒకరిని తీసేసింది ఎవరు? కంపెనీ. బోనులో నిలబడింది ఎవరు? కూలికి కూచున్న మనిషి.

మన లారీల సంగతి గుర్తుకు రావడం లేదూ? అరిగిపోయిన టైర్లతో లారీని రోడ్డెక్కించిన ఓనరు ఇంట్లో వుంటాడు. రెండు రాత్రులు నిద్ర లేకుండా తోలిన డ్రైవరు జైల్లో వుంటాడు. దేశం మారింది. యంత్రం మారింది. బోనులో నిలబడేవాడు మారలేదు.

రోడ్డుని ఎవరు ఎత్తుకుపోయారు?

నూరేళ్ల కిందట అమెరికాలో కూడా వీధి అందరిదీ. పిల్లలు ఆడుకునేవాళ్లు, బండ్లవాళ్లు సరుకులమ్మేవాళ్లు, జనం తమకి కావలసిన చోట దాటేవాళ్లు. కార్లు వచ్చి పిల్లల్ని తొక్కి చంపుతుంటే జనం తిరగబడ్డారు. 1923లో సిన్సినాటి నగరంలో 42 వేల మంది సంతకాలు పెట్టారు. ఏ కారూ గంటకి 25 మైళ్లు దాటకుండా దానికి ఒక పరికరం బిగించాలని వాళ్ల డిమాండు. కార్ల వ్యాపారులంతా ఏకమై, డబ్బు గుమ్మరించి ప్రచారం చేసి, ఆ తీర్మానాన్ని ఓటింగులో ఓడించారు.

అక్కడితో ఆగలేదు. రోడ్డు దాటేవాడికి ఒక తిట్టుపేరుని దేశమంతా ప్రచారం చేశారు. 'జే వాకర్' అన్నారు. 'జే' అంటే వాళ్ల భాషలో పల్లెటూరి బైతు. పట్నంలో నడవడం తెలియని బైతు అన్నమాట! గుద్దినవాడు దొరబాబు, గుద్దించుకున్నవాడు బైతు. 1925లో లాస్ ఏంజెలెస్ లాంటి నగరాలు దాన్ని చట్టం చేశాయి. వందేళ్లు పట్టింది కాలిఫోర్నియా వెనక్కి తగ్గడానికి. 2023 జనవరి నుంచి, ప్రమాదం ముంచుకొస్తే తప్ప, అలా రోడ్డు దాటినవాణ్ణి పోలీసులు ఆపకూడదని అక్కడ చట్టం వచ్చింది.

చూడండి ఈ వరస. ముందు తిట్టు. తిట్టు నుంచి చట్టం. చట్టం నుంచి కంప్యూటర్ ప్రోగ్రాం. ప్రోగ్రాం నుంచి శవం.

ఇప్పుడు మళ్లీ అదే వరస మొదలవుతోంది. 2018లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రూ ఎన్‌జీ, ఇలాంటి కార్లు బాగా నడవాలంటే జనం కూడా పద్ధతిగా నడుచుకోవాలని ప్రభుత్వాలు జనాన్ని అడగాలన్నాడు. యంత్రానికి తెలివి చాలకపోతే మనుషులు ఒదిగి నడవాలట! నగరాన్ని సిద్ధం చెయ్యడం అంటే వాళ్ల లెక్కలో ఇదే. రోడ్డుకి కంచె కట్టు. తోపుడుబండ్లని లేపెయ్. యంత్రానికి అర్థం కాని మనుషులందర్నీ రోడ్డు మీంచి తీసెయ్.

రోడ్డు మీంచి మనుషుల్ని తీసెయ్యడం అంటే ఏమిటో మన జాతికి వేరే చెప్పక్కర్లేదు. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎద్దులబండి కట్టుకుని, తనవాళ్లు పోకూడదన్న రాజమార్గం మీద తోలాడు. అడ్డొచ్చినవాళ్లని ఎదిరించి తోలాడు. 1924 మార్చిలో వైకోంలో గుడి చుట్టూ వున్న రోడ్ల మీద నడవడానికి సత్యాగ్రహం చెయ్యాల్సొచ్చింది. 20 నెలలు పోరాడితే మూడు వైపుల రోడ్లు మాత్రం తెరిచారు. చెప్పులు చేత పట్టుకుని దొరల వీధి దాటినవాళ్ల మనవలం మనం. రోడ్డు మీద నడిచే హక్కు మనకి ఎవరూ దానమివ్వలేదు. దాన్ని ఇప్పుడు కంపెనీకి దఖలు పరచడానికి ఎవరికి అధికారం వుంది?

శాన్ ఫ్రాన్సిస్కో నేర్పే పాఠం

కార్లు ముందు రానిచ్చి చట్టం తర్వాత చేసుకుంటే ఏమవుతుందో శాన్ ఫ్రాన్సిస్కో నగరాన్ని చూస్తే తెలుస్తుంది. 2023 ఆగస్టు 10న కాలిఫోర్నియా రాష్ట్ర కమిషన్, డ్రైవర్ లేని టాక్సీలు పగలూ రాత్రీ డబ్బులు తీసుకుని జనాన్ని ఎక్కించుకోవచ్చని వేమో, క్రూజ్ అనే రెండు కంపెనీలకి అనుమతి ఇచ్చింది. ఓటేసిన నలుగురు కమిషనర్లలో ముగ్గురు సరే అన్నారు. నగరం అధికారులు మొత్తుకున్నారు. ఈ కార్లు మా బండ్లకి అడ్డం నిలబడుతున్నాయి, మేం మంటలార్పే చోటికి వచ్చి పడుతున్నాయి అని ఫైర్ శాఖ 50కి పైగా ఘటనలు లెక్క చెప్పింది. ఎవరు విన్నారు? రోడ్డు నగరానిది, అనుమతి రాష్ట్రానిది. ఇల్లు మనది, తాళం చెవి ఇంకొకడి జేబులో.

రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 2న, ఒక స్త్రీని మనిషి నడుపుతున్న కారు గుద్ది పారిపోయింది. ఆమె పక్క వరసలో వస్తున్న క్రూజ్ కారు కింద పడింది. ఆ కారు ఆగింది. ఆగి, మళ్లీ కదిలి, కిందున్న మనిషిని 20 అడుగులు ఈడ్చుకుపోయింది. కింద మనిషి వుందని దానికి తెలియదు. మనిషే డ్రైవరైతే దిగి చూసేవాడు, కనీసం జనం కేకలు వినేవాడు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఈడ్చుకుపోయిన సంగతిని కంపెనీ అధికారులకి ఇచ్చిన రిపోర్టులో రాయలేదు. అక్టోబరు 24న రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీ అనుమతులు నిలిపేసింది. తప్పుడు రిపోర్టు ఇచ్చామని 2024 నవంబరులో కంపెనీ ఒప్పుకుని 5 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఆ తర్వాతి నెలలోనే దాని యజమాని జనరల్ మోటార్స్ ఆ టాక్సీ వ్యాపారానికి స్వస్తి చెప్పింది.

ఇంకో విడ్డూరం. ఈ కార్లు ట్రాఫిక్ నియమం తప్పితే పోలీసు చలానా రాయడానికి అక్కడి చట్టంలో దారి లేకపోయింది. చలానా డ్రైవర్‌కి రాయాలి. డ్రైవరేడీ? 2024లో చట్టం చేసి, 2026 జూలై 1 నుంచి కంపెనీకి నోటీసు ఇచ్చేలా ఏర్పాటు పెట్టుకున్నారు. మనవాడు హెల్మెట్ లేకుండా సందు దాటితే ఫొటో తీసి చలానా పంపే ప్రభుత్వాలు, కంపెనీకి నోటీసు ఇవ్వడానికి ఏళ్లకేళ్లు తీసుకుంటాయి.

ఆ నగరం ఒక్క పని మాత్రం ముందుచూపుతో చేసింది. 2019 నవంబరులో జనం ఓటేసి, యాప్ టాక్సీల ప్రతి ప్రయాణం మీద 3.25 శాతం దాకా పన్ను పెట్టారు. డ్రైవర్ లేని టాక్సీలని కూడా అందులో చేర్చారు. ఆ డబ్బు సిటీ బస్సులకి, నడిచేవాళ్ల భద్రతకి ఖర్చుపెట్టాలని రాసుకున్నారు. ఇది మనం నేర్చుకోవలసింది.

స్టీరింగు విలువ మనకి తెలుసు

పదో తరగతి తప్పిన మన పల్లె కుర్రాడికి ఏ దారులున్నాయి? దొర చేలో పాలేరుతనం. పట్నంలో మట్టిపని. లేదంటే డ్రైవింగ్. నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఎందరో ఈ మూడో దారి పట్టారు. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీతో ఆటో కొన్నవాళ్లున్నారు, అప్పు చేసి హైదరాబాద్‌లో టాక్సీ తిప్పుతున్నవాళ్లున్నారు. వూళ్లో 'ఒరేయ్' అని పిలిచినవాడే, వీడు స్టీరింగు పట్టాక 'డ్రైవర్ గారూ, కాస్త తొందరగా పోనివ్వండి' అన్నాడు. ఆ 'గారూ' వెనక ఒక తరం చెమట వుంది.

యాప్ కంపెనీలు వచ్చి మన కుర్రాళ్లని 'భాగస్వామి' అన్నాయి. కారు వాయిదా భాగస్వామిది, డీజిల్ భాగస్వామిది, యాక్సిడెంట్ భాగస్వామిది. కమిషన్ మాత్రం కంపెనీది. ఇప్పుడు ఆ భాగస్వామిని కూడా కారులోంచి దింపేస్తే లాభమంతా మాదే అని పెట్టుబడిదారులు లెక్కలు వేస్తున్నారు.

అసలు డ్రైవర్ లేని కారు అనే మాటే సగం అబద్ధం. దూరాన ఆఫీసులో కూచుని తెర మీద చూస్తూ, కారు తికమకపడినప్పుడు దారి చెప్పే మనుషులున్నారు. అంతకన్నా ముందు, లక్షల ఫొటోల్లో ఇది మనిషి, ఇది బస్సు, ఇది చెట్టు అని ఒక్కొక్క దాని చుట్టూ గీత గీసి యంత్రానికి నేర్పే మనుషులున్నారు. మన దేశంలో, కెన్యాలో, ఫిలిప్పీన్స్‌లో తక్కువ కూలికి ఆ పని చేస్తున్నారు. మనిషి పోలేదు. కనపడకుండా పోయాడు. కనపడే డ్రైవరైతే యూనియన్ పెడతాడు, సమ్మె చేస్తాడు, జవాబు అడుగుతాడు. కనపడనివాడు ఎవరిని అడుగుతాడు?

ప్రాణాలు కాపాడతాం అనేవాళ్లకి జవాబు

'యంత్రం తాగి నడపదు, నిద్రపోదు, ప్రాణాలు మిగులుతాయి, మీరు అభివృద్ధికి అడ్డమా?' అంటారు మేధావులు. మనుషుల కన్నా తమ కార్లతో గాయాలు చాలా తక్కువని వేమో కంపెనీ లెక్కలు చూపిస్తోంది. వాళ్లు తిరిగే ఆ నగరాల్లో అది నిజమే కావచ్చు, కొట్టిపారెయ్యను. ప్రాణం మీద మాకు తీపి లేదా? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. అందులో 32,825 మంది నడిచిపోయేవాళ్లు. 74,897 మంది మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లు. అంటే చచ్చేవాళ్లలో సగానికి పైగా కారు లేనివాళ్లే.

ఈ ప్రాణాలు కాపాడటానికి డ్రైవర్ లేని కారు వచ్చేదాకా ఆగాలా? ఫుట్‌పాత్ వెయ్యండి. దాటే చోట లైటు పెట్టండి. హైవే పక్క పల్లెకి అండర్‌పాస్ ఇవ్వండి. స్పీడు తగ్గించండి. వీటికి ఏ కంప్యూటరూ అక్కర్లేదు. సిమెంటు, ఇసుక, మనసు చాలు. ఆ మూడోదే కరువు.

పైగా ఆ యంత్రం అందర్నీ సమానంగా చూస్తుందా? లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు 2023లో మనుషుల్ని గుర్తుపట్టే ఎనిమిది ప్రోగ్రాంలని పరీక్షించారు. పెద్దవాళ్లని గుర్తుపట్టినంత బాగా పిల్లల్ని గుర్తుపట్టలేదు, తేడా దాదాపు 20 శాతం. తెల్లతోలు వాళ్లకీ నల్లతోలు వాళ్లకీ మధ్య తేడా 7.5 శాతం. కంపెనీలు తమ సొంత ప్రోగ్రాంలని బయటపెట్టవు కాబట్టి, అందరికీ దొరికేవాటినే వాళ్లు పరీక్షించగలిగారు. ఇక మన రోడ్లు చూడండి. వీపు మీద తనకన్నా పెద్ద గోతాం వేసుకుని చెత్త ఏరుకునే పిల్లవాడున్నాడు. నెత్తిన మోపు పెట్టుకుంటే మోపే కనపడి మనిషి కనపడని ఆడమనిషి వుంది. వాళ్లని ఆ యంత్రం ఏమంటుంది? మనిషి అంటుందా, సామాను అంటుందా? సైకిలుకి సంచులు తగిలించుకున్న టెంపీ స్త్రీని ఏమందో చూశాం.

నగరం తయారవ్వడం అంటే ఇదీ

నగరాన్ని కారుకి తగినట్టు మార్చడం కాదు, కారుని నగరంలో మనుషులకి తగినట్టు మార్చాలి. అందుకని మన డిమాండ్లు ఇవి.

1. ముందు నడిచేవాళ్లకి దారి. ఫుట్‌పాత్, దాటే చోటు, లైటు లేని రోడ్డు మీదికి డ్రైవర్ లేని వాహనాన్ని ఎక్కించకూడదు. దాని కోసమని ఒక్క తోపుడుబండిని కూడా లేపకూడదు. వీధి వ్యాపారులకి 2014 చట్టం వుంది, దాన్ని అమలు చెయ్యాలి.

2. అనుమతిలో నగరానికి వాటా. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో రోడ్లు మునిసిపాలిటీల పనుల్లో వున్నాయి. కేంద్రం మినహాయింపు ఇచ్చినా, వార్డుల్లో తెలుగులో బహిరంగ విచారణ జరిపి, జనం ఒప్పుకున్నాకే కారు కదలాలి.

3. మన మనుషుల మధ్య పరీక్ష. గోతాం మోసే పిల్లవాణ్ణి, మోపు మోసే స్త్రీని, రాత్రిపూట చీపురు పట్టిన కార్మికురాలిని యంత్రం మనిషిగా గుర్తిస్తుందని ప్రభుత్వం మూసిన మైదానంలో బొమ్మలు పెట్టి పరీక్షించి, ఫలితాలు బయటపెట్టాలి. మన ప్రాణాల మీద ప్రయోగాలు వద్దు.

4. జవాబుదారీ కంపెనీదే. యాక్సిడెంట్ అయితే కేసు కంపెనీ పెద్దల మీద పెట్టాలి, కూలికి కూచున్న మనిషి మీదికి నెట్టకూడదు. కారులో రికార్డయిందంతా 24 గంటల్లో పోలీసులకీ బాధితుల ఇంటివాళ్లకీ ఇవ్వాలి. తప్పు ఎవరిదని రుజువు చెయ్యక్కర్లేకుండా చనిపోతే 5 లక్షలు ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ చెబుతోంది. డ్రైవర్‌ని తీసేసి లాభం తినే కంపెనీకి అది చాలదు, ఇంకా పెంచాలి.

5. ట్రిప్పుకి సుంకం. డ్రైవర్ లేని ప్రతి ప్రయాణం మీద సుంకం వసూలు చేసి డ్రైవర్ల సంక్షేమ నిధిలో వెయ్యాలి. యాప్ లావాదేవీల మీద సంక్షేమ రుసుం అనే పద్ధతిని 2023లో రాజస్థాన్ చట్టంలో పెట్టింది. మన రెండు రాష్ట్రాలూ పెట్టొచ్చు. వాహనాల అప్పులున్న డ్రైవర్లకి మాఫీ, వాళ్ల పిల్లల చదువుకి భరోసా అందులోంచే రావాలి.

6. ముందు బస్సు. బస్సు రాని బస్తీ వున్నంత కాలం నగరం సొమ్ము ఒక్క రూపాయి కూడా డ్రైవర్ లేని కారు దారులకి ఖర్చు పెట్టకూడదు.

సంఘాల్లో పనిచేసే మిత్రులకి ఒక మాట. దీన్ని డ్రైవర్ల సమస్య అని వదిలెయ్యకండి. ఆటో యూనియన్, టాక్సీ యూనియన్, వీధి వ్యాపారుల సంఘం, మునిసిపల్ కార్మికుల సంఘం ఒకచోట కూచోవాలి. ఓట్లడగడానికి వచ్చేవాణ్ణి అడగండి: డ్రైవర్ లేని కారు మనిషిని చంపితే నువ్వు ఎవరిని అరెస్టు చేయిస్తావు? ఆ ప్రశ్నకి పేరు చెప్పలేనివాడికి ఆ కారుని మన రోడ్డెక్కించే హక్కు లేదు.

మనం యంత్రానికి శత్రువులం కాదు. మోట తోలిన చేతులతోనే మోటారు బిగించాం. ఎడ్లబండి తోలిన చేతులతోనే లారీ తోలాం. ఏ యంత్రం వచ్చినా దాని మీద అదుపు ఎవరిది, దాని లాభం ఎవరిది, దాని దెబ్బ ఎవరికి అని అడుగుతాం. కారుకి డ్రైవర్ లేకపోతే లేకపోవచ్చు. రోడ్డుకి మాత్రం సొంతదారులున్నారు. దాన్ని వేసినవాళ్లూ, వూడ్చేవాళ్లూ, దాని మీద నడిచేవాళ్లూ వాళ్లే.